ఒత్తు లేచిన చోటు

మొన్న మాచర్ల బండి దిగి మా హోటలుకు వచ్చిన పత్తి బేరగాడొకడు ఇడ్లీ తింటూ, మాటల మధ్యలో, "మీ ఒత్తు సాయిబు పోయాడంటగా" అన్నాడు. రెంటచింతలలో కూతురింట్లో పోయాడట. వడదెబ్బ అన్నారట. నేను వెంటనే నమ్మలేదు. విన్న మాటను వెంటనే నమ్మకపోవడం ఆయన దగ్గర నేర్చుకున్న విద్యే. ఈ కబురు ఆయన చెవిన పడి ఉంటే, "ఎవురు చెప్పారు? వాడు కళ్ళారా చూశాడా? చూసినోడు ఏడీ?" అని అడిగి ఉండేవాడు.

ఆయన అసలు పేరు నాకు తెలియదు. నరసరావుపేట స్టేషను రోడ్డులో మా అన్నయ్య నడిపే కాఫీ హోటలుకు వచ్చేవాళ్ళెవరికీ తెలియదు. ఒకప్పుడు సన్నాయి మేళంలో ఒత్తు పట్టాడు కాబట్టి ఒత్తు సాయిబు. ఒత్తంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. సన్నాయి ఊదే విద్వాంసుడి పక్కన ఇంకొకడు కూర్చుని, వేళ్ళు ఆడించే పనిలేని పొడుగు సన్నాయి ఒకటి పట్టుకుని, శ్రుతి కోసం షడ్జం ఒక్కటే తెగకుండా ఊదుతుంటాడు. ముక్కుతో గాలి పీలుస్తూ, బుగ్గల్లో దాచుకున్న గాలితో ఊదుతూ, మేళం లేచేదాకా ఆపకూడదు. పెళ్ళిలో వియ్యపురాలి అలక దగ్గర్నుంచి పందిట్లో దూరిన కుక్క దాకా అన్నీ కనబడతాయి గానీ, ఒత్తు పట్టినవాణ్ణి ఎవరూ చూడరు. మా సాయిబును మాత్రం ఊరంతా ఎరుగుదురు. దానికి కారణం ఒక గ్రామఫోను ప్లేటు.

నేను ఎరిగేనాటికే ఆయన మేళం నుంచి బయటికొచ్చి కులవృత్తిలో పడ్డాడు. దూదేకులవాళ్ళు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పేటలో వీధి వీధీ తిరిగేవాడు. పరుపులు, దిండ్లు విప్పించి, పాత దూది ఏకి మళ్ళీ కుట్టేవాడు. ఏ ఇంట్లో దూది సంచీ చూపించినా పైన చూసి ఊరుకునేవాడు కాదు. మోచేతిదాకా లోపల పెట్టి అడుగున ఉన్న దూది తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసేవాడు. "దూది తెల్లగా ఉందంటే పైన తెల్లగా ఉందన్నమాట" అనేవాడు. మనుషుల గురించీ ఇదే మాట వాడేవాడు. ఎవరైనా ఎవరినైనా మెచ్చుకుంటే చాలు, "పైన తెల్లగా ఉన్నాడన్నమాట" అని లేచిపోయేవాడు.

మా హోటలు లోపలికి వచ్చేవాడు కాదు. రమ్మన్నా రాడు. బయట పందిరి కింద బల్ల మీద, గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. వెనక ఎవరైనా ఉంటే ఆయనకు కాఫీ దిగదు. తన గ్లాసు తనే తెచ్చుకునేవాడు. పోసిన కాఫీని వెలుతురుకు ఎత్తి, గ్లాసు చుట్టూ తిప్పి, అడుగు చూసి, అప్పుడు తాగేవాడు. మా అన్నయ్యకు ఒళ్ళు మండేది.

"ఏంది సాయిబూ, ఇన్నేళ్ళ నుంచి తాగుతున్నావు, ఎప్పుడన్నా ఈగ కనబడిందా?"

"కనబళ్ళేదనే చూస్తన్నా" అనేవాడు.

బండెక్కబోయే ముందు కూడా అంతే. ఇది మాచర్ల బండేనా అని కూలీని అడుగుతాడు, ఇంజను వైపు వెళ్ళి డ్రైవరును అడుగుతాడు, పెట్టెలో కూర్చున్నాక పక్కవాణ్ణి అడుగుతాడు. ఒకసారి స్టేషను మాస్టరు విసిగిపోయి, ఇది కాశీ వెళ్ళే బండి, దిగిపో అన్నాడట. "అయితే మాచర్లే పోయిద్ది" అని నిశ్చింతగా కాళ్ళు చాపుకున్నాడట.

ఇక ప్లేటు సంగతి. మా హోటల్లో గల్లాపెట్టె పక్కన గ్రామఫోను ఉండేది. దాని పెత్తనమంతా నాదే. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, ఆ పెట్టెనే పెళ్ళాంలా చూసుకుంటున్నానని అన్నయ్య వేళాకోళం చేసేవాడు. మా ప్రాంతంలోనే పుట్టి మద్రాసుదాకా పేరు తెచ్చుకున్న ఒక సన్నాయి విద్వాంసుడి ప్లేట్లంటే నాకు ప్రాణం. దొరికినవన్నీ కొనిపించాను. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన పేరు చెప్పుకుని ఇంకా కొందరు వాయించుకు బతుకుతున్నారు.

ఆయన తొలి ప్లేట్లలో మొదటిది కల్యాణి రాగం. యుద్ధానికి చాలా ముందు ఇచ్చింది. ఆ ప్లేటులో సగం దాటాక సన్నాయి పైకి ఎగబాకి, తిరిగి దిగి, షడ్జం మీద నిలబడుతుంది. నిలబడీ నిలబడగానే వెనకనున్న ఒత్తు ఒక్కసారిగా పైకి లేచి సన్నాయిని ముంచేస్తుంది. రెండు మూడు క్షణాలపాటు ఒత్తు తప్ప ఇంకేం వినబడదు. తర్వాత ఒత్తు తగ్గి, సన్నాయి మళ్ళీ పైకొచ్చి, రాగం హాయిగా సాగిపోతుంది. ఆ ఒత్తు మా సాయిబుదే, ఆ విద్వాంసుడే ఆయన గురువు. గురువుగారు గంభీరంగా నిలబడ్డ చోట కుర్రతనపు పొగరుతో మీద పడ్డాడని చెప్పుకునేవారు. ఆ ప్లేటు బయటికొచ్చాక మేళంలోంచి తీసేశారు. పేటలో అదొక సామెత అయి కూర్చుంది. పదిమందిలో ఎవడైనా మాటకు అడ్డం పడితే, "ఒరేయ్, ఒత్తు సాయిబులా లేవమాక" అనేవాళ్ళు.

అంత అప్రతిష్ట తెచ్చిన ప్లేటు ఎక్కడ వినబడినా దూరంగా పోవాలా వద్దా? ఈయన దగ్గరికొచ్చేవాడు. నేను కల్యాణి పెడితే చాలు, ఏ వీధిలో ఉన్నా విల్లు దించుకుని వచ్చి పందిరి గుంజ పక్కన నిలబడేవాడు. పెట్టె వైపు వీపు తిప్పేవాడు. ఆ చోటు వస్తుండగా కాఫీ తాగేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసేవాడు. ఎవడు నవ్వాడు, ఎవడు కనుబొమ్మ ఎగరేశాడు, ఎవడు పక్కవాడి వైపు చూశాడు. అదే సమయంలో ఆయన బుగ్గలు కొంచెం ఉబ్బేవి. ఆ సంగతి ఆయనకు తెలియదనుకుంటాను. ఎవరైనా నవ్వితే కోపం తెచ్చుకోడు సరిగదా, ఊపిరి వదిలి, తేలికపడ్డట్టు వెళ్ళిపోయేవాడు. ఇది నాకు అంతుపట్టేది కాదు. నవ్వినందుకు సంతోషించే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఈయన దగ్గర ఏదో మతలబుందని నాకూ అనుమానం పట్టుకుంది.

యుద్ధం నడుమ కొత్త ప్లేట్లొచ్చాయి. మధ్యలో చాలా ఏళ్ళు ఆ విద్వాంసుడు కీర్తనలే ఇచ్చాడు. అన్నీ పరుగులే. మేమంతా ఆ వేగానికి తల ఊపేవాళ్ళం. ఇప్పుడు మళ్ళీ కల్యాణి ఆలాపన ఇచ్చాడు. ఒత్తుకు బదులు శ్రుతిపెట్టె పెట్టారు. హోటల్లో రెండు పక్షాలయ్యాయి. పాతదాంట్లో దూకుడుంది, అదే సన్నాయి అన్నవాళ్ళు కొందరు. కొత్తదాంట్లో పెద్దరికం వచ్చింది, ఒక్కొక్క స్వరాన్నీ నానబెట్టి వదులుతున్నాడు అన్నవాళ్ళు కొందరు. నేను రెండో పక్షం. కొత్తదాంట్లో ఒకచోట చిన్న తొట్రుపాటు ఉంది గానీ, అది ప్లేటు లోపమనుకున్నాను. పైగా యుద్ధంలో గ్రామఫోను సూదులు దొరక్క, తుమ్మముళ్ళు ఏరి, ఎండబెట్టి, వాటితో ప్లేట్లు వేస్తున్నాం. ముల్లు మీద నెట్టెయ్యని తప్పు లేదు ఆ రోజుల్లో.

సాయిబు మాత్రం కొత్త కల్యాణి ఒకేసారి విన్నాడు. విని, "ఇది ఆయన ఊదింది కాదు" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. దూది ఏకడానికి వెళ్ళిన ప్రతి గడపలోనూ అదే మాట. ఎవడో ఊదిన ప్లేటుకు గురువుగారి పేరు అంటించారని, అది దొంగసరుకని.

అలాంటి రోజుల్లో బొల్లాపల్లి వైపు నుంచి ఒక మోతుబరి మా హోటలుకు వచ్చాడు. కూతురి పెళ్ళికి ఆ విద్వాంసుడి మేళం మాట్లాడాలని బయల్దేరాడు. తాంబూలం పళ్ళెం, బట్టలు బండిలోనే ఉన్నాయి. కానీ మనసులో పురుగు తొలుస్తోంది.

"ఆయనకు ఊపిరి తగ్గిందని గుంటూర్లో అనుకుంటన్నారబ్బాయ్. ఇంతలావు పెళ్ళి పెట్టుకుని పందిట్లో నవ్వులపాలవటం ఎందుకు? కొత్త ప్లేటు ఏసి ఇనిపియ్యి. బాగుంటే తాంబూలం ఇచ్చొస్తా, లేదంటే వేరే మేళం చూసుకుంటా" అన్నాడు.

తాంబూలం ఇవ్వడానికి బయల్దేరి మధ్యలో వెనక్కి తిరిగితే ఆ కబురు పల్నాడంతా పాకుతుంది. ఆ తర్వాత ఆ మేళానికి ఇంకెవరూ తాంబూలం ఇవ్వరు. అది నాకూ తెలుసు. కొత్త కల్యాణి మీద నాకు నమ్మకం కాబట్టి ప్లేటు తీసి తుడుస్తున్నాను.

"అది వెయ్యమాక" అని బయటి బల్ల మీద నుంచి సాయిబు లేచాడు. "అది ఆయన ప్లేటు కాదు."

"పైన పేరుందిగా సాయిబూ" అన్నాడు మోతుబరి.

"పేరుదేవుందయ్యా, కాయితవేగా. బంక రాస్తే అంటుకుంటది. ఆయన పక్కన కూసుని ఊదినోణ్ణి, ఆయన ఊపిరి నాకు తెలవదా? పాతది ఏయించుకోండి."

"నిన్ను తీసేశాడుగా. అందుకని కడుపుమంట నీకు."

"కడుపుమంటే అనుకోండి. పాతది ఏయించుకోండి."

నేను పాత కల్యాణి పెట్టాను. మోతుబరి కళ్ళు మూసుకుని విన్నాడు. షడ్జం వచ్చింది, ఒత్తు లేచింది. ఆయన కళ్ళు తెరిచి పకపకా నవ్వాడు.

"ఇదేనా నువ్వు మీద పడ్డ చోటు?"

"ఇదేనయ్యా" అన్నాడు సాయిబు. "తప్పు నాది. ఇప్పుడు మేళంలో నేను లేనుగా. మీకేం భయం లేదు."

హోటలంతా నవ్వింది. మోతుబరి నవ్వుతూనే లేచి, కొత్త ప్లేటు సంగతి మరిచిపోయి, తాంబూలం ఇవ్వడానికి బండి కట్టించాడు. సాయిబు గ్లాసు కడుక్కుని విల్లు భుజానికి తగిలించుకున్నాడు. ఆయన ముఖంలో అవమానం కోసం వెతికాను, కనబడలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఈయన కొత్త ప్లేటు మాట ఎత్తితే చాలు ఎందుకు ఉలిక్కిపడుతున్నాడు? తాను లేని మేళం మేళమే కాదనిపించుకోవాలన్న అసూయేమో అనుకున్నాను. అయితే మరి, అసూయపడేవాడు గురువుకు తాంబూలం దక్కేట్టు చూడడం ఏమిటి? ఆలోచించిన కొద్దీ చిక్కుపడింది. ఎండాకాలం మధ్యాహ్నం, రోడ్డు మీద కాకి కూడా లేనప్పుడు, అన్నయ్య నిద్రపోతుంటే, రెండు ప్లేట్లూ ముందేసుకుని కూర్చున్నాను.

ముందు కొత్తది. షడ్జం వచ్చింది. సన్నాయి నిలబడింది. నిలబడ్డది కాస్తా ఆగిపోయింది. శ్రుతిపెట్టె మాత్రం సన్నగా గుయ్యిమంటోంది. మళ్ళీ సన్నాయి అందుకుంది. ముల్లు మార్చి వేశాను. అక్కడే ఆగింది. ముల్లు తప్పు కాదు. ఊపిరి అందలేదు.

తర్వాత పాతది. అదే రాగం, అదే దిగుడు, అదే షడ్జం. సరిగ్గా ఆ చోటనే ఒత్తు లేచింది. గ్రామఫోను గొట్టంలో తల పెట్టినంత పని చేసి, ఆ ఒత్తు వెనక సన్నాయి కోసం వెతికాను. లేదు. ఒత్తు సన్నాయిని ముంచెయ్యలేదు. ముంచడానికి అక్కడ సన్నాయే లేదు. పేరు మార్మోగుతున్న ఆ రోజుల్లోనే విద్వాంసుడి ఊపిరి అక్కడ తెగేది. తెగిన చోట ఈయన తన ఊపిరంతా పోసి, అదే స్వరం కాబట్టి అతుకు పడ్డట్టు ఎవరికీ తెలియకుండా పూడ్చాడు. మధ్య ఏళ్ళలో ఆయన కీర్తనలే ఇవ్వడం, ఎక్కడా షడ్జం మీద నిలబడకపోవడం అప్పుడు గుర్తొచ్చాయి. మేం తలలూపిన ఆ వేగమంతా భయమే అన్నమాట. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. నా అభిమాన విద్వాంసుడి మీద కోపం రావడం అదే మొదలు.

సాయంత్రం వెతుక్కుంటూ వెళితే, సాయిబు ఒక కోమటింటి అరుగు మీద దూది ఏకుతున్నాడు. మీసాలకు, కనుబొమ్మలకు దూది పట్టింది. విల్లు నారి ఒకటే మోతగా మోగుతోంది. నేను విన్నది విన్నట్టు చెప్పాను. నారి ఆగింది.

"ఎవురు పంపించారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు మావా. నేనే విన్నా."

"ముల్లు అరిగుంటది."

"ముల్లు మార్చి ఏశా."

"ఎవురికన్నా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలా?" అన్నాడు. చెప్పకపోవడం మీద కూడా ఆయనకు అనుమానమే.

నీ తప్పు లేనిదానికి ఇన్నేళ్ళు ఎందుకు పడ్డావని అడిగాను.

"తప్పెందుకు లేదు? ఒత్తు ఇనబడకూడదబ్బాయ్. ఇనబడితే తప్పే. నాది ఇనబడింది." అరుగు మీద దూది చేత్తో పోగుచేస్తూ అన్నాడు, "ప్లేటు తీసే మైనప్పలక మీద గీత పడేటప్పుడు ఆగితే అది చచ్చేదాకా ఉంటది. పక్కన కూసున్నోడు ఆయన అన్నం తిన్నోడు. ఏం జెయ్యాల?"

"మరి నీ గురువుకు తెలియదా నువ్వేం చేశావో? తెలిసి నిన్ను తీసేశాడా?"

కాఫీలో ఈగను, దూదిలో దుమ్మును, బండి వెళ్ళే దారిని అనుమానించే మనిషి, ఆ ప్రశ్నకు మాత్రం ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఆయనకి తెలవదు. తెలిస్తే తియ్యడు" అన్నాడు.

ఊపిరి తెగిన సంగతి ఊదినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? నోటిదాకా వచ్చింది గానీ, ఆయన ముఖం చూసి మింగేశాను. ఆయన మళ్ళీ నారి మీటాడు.

మోతుబరి కూతురి పెళ్ళికి మా అన్నయ్యదే కాఫీ పలహారాల ఏర్పాటు. నేనూ వెళ్ళాను. సాయిబూ వచ్చాడు. పెళ్ళి పరుపుల దూది ఆయనే ఏకాడట, ఆ వంకన వచ్చాడు. పందిరి గుంజ పక్కన, హోటల్లో నిలబడ్డట్టే నిలబడ్డాడు. మేళం వైపు వీపు, జనం వైపు ముఖం.

విద్వాంసుడు బాగా ముసలాడయ్యాడు. అయినా కల్యాణి ఎత్తుకోగానే పందిరి సద్దుమణిగింది. నా మీద నాకే ఆశ్చర్యం, కోపమంతా పోయి, దేవుడా ఆ చోటు దాటించు అనుకుంటున్నాను. ఆయన పై స్వరాల నుంచి కిందకు దిగాడు, షడ్జం మీద నిలబడ్డాడు. సాయిబు బుగ్గలు ఉబ్బాయి. సన్నాయి తెగింది.

తెగిన ఆ క్షణంలో విద్వాంసుడి మెడ ఎడమ పక్కకు తిరిగింది. చూసింది శ్రుతిపెట్టె వాడి వైపు కాదు, వాడు కుడి పక్కన ఉన్నాడు. ఎడమ పక్కన చాప ఖాళీగా ఉంది. పూర్వం ఒత్తు పట్టినవాడు కూర్చునే చోటది. ఆ ఖాళీ చాప వైపు, అలవాటు కొద్దీ, ఆదుకోమన్నట్టు చూశాడు. అంతలో డోలు వాయించేవాడు తెలివిగా నాలుగు దెబ్బలు వేసి గండం గట్టెక్కించాడు. జనం గమనించలేదు. పెళ్ళికూతుర్ని తెస్తున్నారని అందరూ అటు తిరిగారు.

సాయిబు మాత్రం పందిట్లో ముఖాలన్నీ వరసగా చూసుకుంటూ వస్తున్నాడు. నవ్వినవాడు లేడు, గుర్తుపట్టినవాడు లేడు. వరసలో చివరికి నా ముఖం దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగితే గురువుగారి ముఖం కనబడేది. తిరగలేదు. ఇన్నేళ్ళూ అందరి ముఖాలూ వెతికినవాడు ఆ ఒక్క ముఖానికి ఎందుకు వీపు పెట్టుకున్నాడో నాకు అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. కాఫీ గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయాను.

రెండు రోజుల తర్వాత హోటలుకు వచ్చాడు. బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాఫీ పోయించుకుని, గ్లాసు వెలుతురుకు ఎత్తి, ఎన్నడూ లేనంతసేపు చూశాడు.

"అబ్బాయ్, ఆ చోట గురువుగారి ముఖం చూశావా?"

"చూశా మావా."

గ్లాసు దించలేదు. ఆయన కళ్ళు కాఫీ మీదే ఉన్నాయి.

"చెప్పమాక" అన్నాడు. "నువ్వు చెబితే నమ్మాల్సొస్తది."

కాఫీ తాగి, గ్లాసు కడుక్కుని, విల్లు భుజానికి తగిలించుకుని స్టేషను వైపు వెళ్ళాడు. ప్లాట్‌ఫారం మీద ఆగి, ఇది మాచర్ల బండేనా అని కూలీని అడుగుతూండడం నాకు ఇక్కడికి కనబడింది.